తరుగు, కొసరు

డలూత్ రేవులో మార్చి. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
లైబ్రరీ కింది గదిలో మడత బల్లలు ఆరు,
ఇంకు తక్కువైందని గొణిగే ప్రింటరు ఒకటి.
శనివారాలు ఇక్కడ ఊరికే పన్ను లెక్కలు రాసిపెడతాం,
నేనూ ఇంకో నలుగురు ముసలాళ్ళమూ.

ముప్ఫై ఒక్కేళ్ళు ధాన్యం గోదాములో కాటా దగ్గర పనిచేశాను.
లారీ ఎక్కుతుంది, బరువు రాస్తాను.
ఖాళీ లారీ మళ్ళీ ఎక్కుతుంది, ధడా తీసేస్తాను.
మిగిలిందే గింజ.
కనుక నన్నడిగితే చెప్పేది ఇంతే:
మినహాయింపు అంటే తరుగు, లెక్క తేలకముందే పోయేది.
క్రెడిట్ అంటే కొసరు, తూకం అయ్యాక దోసిట్లో పడేది.
రెండూ ఒకటే అనుకునేవాళ్ళు
కుర్చీలో కూర్చోగానే తెలిసిపోతారు.

బెర్నడెట్ స్కూగ్ తెలిసిపోయింది. మూడో తరగతి టీచరు.
క్రేయాన్లు, జిగురు, మూడు డజన్ల పెన్సిళ్ళు,
రసీదులన్నీ పిన్ను కొట్టి తెచ్చింది.
"మూడు వందలూ వెనక్కొస్తాయిగా?"
రావమ్మా. నీ ఆదాయంలోంచి మూడు వందలు తగ్గుతాయి.
నీది పన్నెండు శాతం మెట్టు.
చేతికి మిగిలేది ముప్ఫై ఆరు డాలర్లు.
వేళ్ళ మీద తనే మళ్ళీ లెక్కేసుకుంది,
పిల్లలకు నేర్పినట్టే, బొటనవేలితో మొదలెట్టి.
"జిగురుకే చాలవు," అని నవ్వింది.

ఆర్విడ్ నుర్మెలా బూట్ల డబ్బాతో వచ్చాడు.
చర్చికిచ్చిన చందాలు, కళ్ళద్దాలు,
పన్ను పీకించుకున్న బిల్లు.
ఒక్కొక్కటీ అరచేత్తో సాపుచేసి పెట్టాడు.
గంటసేపు కూడాను.
అన్నీ కలిపినా
అందరికీ గంపగుత్తగా ఇచ్చే మినహాయింపులో సగానికి రాలేదు.
"అయితే ఇవన్నీ ఎందుకు దాచినట్టు?" అన్నాడు.
నా దగ్గర దానికి గడి లేదు.

టోకెన్ పదహారు, కార్లీ ఓయానెన్.
వృద్ధుల ఆశ్రమంలో వంటింటి పని.
ప్రశ్నపత్రంలో
పిల్లలు: ఒకరు. పేరు: తైమి.
నిరుడు మీ ఇంట్లో ఎన్ని నెలలు?
అక్కడ సున్నా రాసి చెరిపి, రాసి చెరిపి
కాగితం పలచబడింది.

"తొమ్మిది రోజులు," అంది.
"అన్నీ ఆసుపత్రిలోనే. ఊయల పెట్టెలోంచి తియ్యనేలేదు."
పాపను మట్టిచేసిన వారానికి
పాప పేరుతో సోషల్ సెక్యూరిటీ కార్డు పోస్టులో వచ్చిందట.
బల్ల మీద పెట్టింది.
"ఇది తిరిగిచ్చెయ్యాలా? అదే అడుగుదామని వచ్చాను."

నిబంధనల పుస్తకం తెరిచాను.
ఆ పేజీ నాకు తెలుసు. అయినా తెరిచాను,
కళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.
ఆ ఏడే పుట్టి ఆ ఏడే పోయిన బిడ్డ,
బతికినన్నాళ్ళూ తల్లి ఇల్లే తన ఇల్లయితే,
ఏడాదంతా ఆ ఇంట్లో ఉన్నట్టే లెక్క.
ఆసుపత్రిలో గడిపిన రోజులూ ఇంట్లో గడిపినట్టే.
నెలల గడిలో పన్నెండు వెయ్యాలి.

వేశాను.

బిడ్డ ఉన్నందుకొక క్రెడిట్, కష్టపడి సంపాదించినందుకొకటి.
కొసరు ఆమె కట్టాల్సిన పన్నునంతా మింగి
ఇంకా పైకి పొర్లింది.
ఎంతో చెప్పాను. ఆమె ఆ అంకె చూడలేదు,
పన్నెండునే చూస్తోంది.
"తీసుకోవడం తప్పేమో."
తప్పు కాదన్నాను. ఇంకేదో అనాల్సింది, తోచలేదు.

కాటా దగ్గర ఏనాడూ ఒక్క గింజ ఎక్కువ రాసినవాణ్ణి కాను.
తొమ్మిది రోజులు, పన్నెండు నెలలు.
రెండోసారి సరిచూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

ప్రింటరు సగంలో ఆగింది. మూత తెరిచి, తట్టి, మూశాను.
ఆమె రెండు కాపీలు అడిగింది.
రెండోది ఎందుకని నేనడగలేదు.
కార్డును పర్సులో లోపలి అరలో పెట్టుకుని
మెట్లెక్కి వెళ్ళింది.

పదిహేడు, అని పిలిచాను.
ఎవరో కొత్త కిటికీల బిల్లు పట్టుకుని లేచారు.